వహాకాలో మూడు రోజులుంటే ఏది చూడాలి, ఏది వదిలేయాలి

దక్షిణ మెక్సికోలోని వహాకా నగరానికి వెళ్లేవాళ్లలో చాలామందికి దొరికేది ఒక లాంగ్ వీకెండ్. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ఓక్సాకా అని చదువుతాం గానీ అక్కడ ఎవరిని అడిగినా వహాకాయే. చూసి తీరాలంటూ ఇంటర్నెట్‌లో కనిపించే జాబితా మాత్రం పది రోజులకు సరిపోతుంది: కొండ మీద పాడుబడ్డ రాజధాని, బంగారు పూత మెరిసే చర్చి, రాయిగా గడ్డకట్టిన జలపాతం, రెండు వేల ఏళ్ల చెట్టు, తివాచీలు నేసే ఊరు, నల్ల కుండలు చేసే ఊరు, మెస్కాల్ అనే సారా కాచే బట్టీలు, వంట క్లాసు, అరడజను సంతలు. వీటిలో ఐదింటిని ఒకే రోజులో తిప్పే వ్యాన్ టూర్లు కూడా ఉన్నాయి. పొద్దున్నుంచి రాత్రిదాకా వ్యాన్‌లో కూర్చోవడమే ఇష్టమైతే తప్ప వాటి జోలికి వెళ్లకండి.

జాబితా కన్నా ముందు క్యాలెండర్ చూడాలన్నది నా మాట. ఇక్కడి లోయలో సంతలు రోజుకొక ఊళ్లో జరుగుతాయి. బుధవారం ఎత్లా, గురువారం సాచీలా, శుక్రవారం ఒకొత్లాన్, శనివారం నగరంలోని సెంత్రల్ దె అబాస్తోస్, ఆదివారం త్లాకొలూలా. సోమవారం మ్యూజియంలు చాలావరకు మూసి ఉంటాయి. మీరు అక్కడ ఉండే రోజులు ఏ వారాలో తెలిస్తే సగం ప్లాన్ దానంతటదే తేలిపోతుంది.

రెండోది దిక్కు. నగరం సుమారు 1,550 మీటర్ల ఎత్తున, మూడు లోయలు కలిసే చోట ఉంది. తూర్పు వైపు వెళితే రెండు వేల ఏళ్ల తూలె చెట్టు, తివాచీల తెయోతిత్లాన్, త్లాకొలూలా, శిథిలాల మిత్లా వరుసగా ఒకే రోడ్డు మీద తగులుతాయి. దక్షిణం వైపు నల్ల కుండల కొయొతెపెక్, చెక్క బొమ్మల తిల్కహేతె, ఆ తర్వాత ఒకొత్లాన్. వాయవ్యంలో ఎత్లా. ఒక రోజుకు ఒక దిక్కు చాలు. పొద్దున తూర్పు, మధ్యాహ్నం దక్షిణం అని పెట్టుకుంటే రెండుసార్లు నగరం ట్రాఫిక్ దాటాలి.

కొండ మీది నగరమా, కింది మ్యూజియమా

కొండ మీద పాడుబడ్డ ఆ రాజధాని పేరు మోంతే అల్బాన్. వహాకా నుంచి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. క్రీ.పూ. 500 ప్రాంతంలో ఇక్కడి మూలవాసులైన జపోటెక్‌లు లోయకు నాలుగు వందల మీటర్ల ఎత్తున ఉన్న కొండ శిఖరాన్ని చదును చేసి రాజధాని కట్టారు. వెయ్యేళ్లకు పైగా అక్కడి నుంచే పాలించి, క్రీ.శ. 800 తర్వాత క్రమంగా వదిలేశారు. మధ్యలో విశాలమైన మైదానం, చుట్టూ మెట్ల వేదికలు, ఒక మూల బంతాట స్థలం. బాణం ములుకు ఆకారంలో ఉన్న ఒక్క కట్టడం మాత్రం మిగతా వాటి వరుసకు అడ్డంగా, వేరే దిక్కుకు తిరిగి ఉంటుంది. ఆకాశాన్ని చూడటానికి కట్టారని కొందరంటారు. దాని గోడల్లోని పలకల మీద జయించిన ఊళ్ల గుర్తులు చెక్కి ఉన్నాయి. ‘నాట్యగాళ్లు’ అని పేరుపడ్డ రాతి పలకలను వదలకండి. మెలికలు తిరిగిన ఆ నగ్న శరీరాలు నాట్యం చేస్తున్నవి కావు, చంపిన బందీలవని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అది తెలిసి చూస్తే ఆ పలకల ముందు నిలబడటమే కష్టంగా ఉంటుంది.

1932లో పురాతత్వవేత్త అల్ఫొన్సో కాసో ఇక్కడి ఏడో నంబరు సమాధిని తెరిచాడు. జపోటెక్‌లు కట్టుకున్న సమాధిని తర్వాతి కాలంలో మిష్టెక్‌లనే మరో మూలవాసి జాతి వాళ్లు మళ్లీ వాడుకున్నారు. బంగారు ఆభరణాలు, నీలిరాయి పొదిగిన పుర్రె, సన్నగా చెక్కిన జాగ్వార్ ఎముకలు అందులో దొరికాయి. అవేవీ కొండ మీద లేవు. నగరంలో సాంతో దొమింగో చర్చి పక్కనే ఉన్న పాత మఠంలో, వహాకా సంస్కృతుల మ్యూజియంలో ఉన్నాయి.

అందుకే ఈ రెండూ ఒకే రోజు చూడాలి. పొద్దున్నే కొండ, భోజనం, ఆ తర్వాత మ్యూజియం. కొండ మీద నీడ దాదాపు లేదు, పదకొండు దాటితే ఎండ మాడుస్తుంది. సోమవారం ఒక్కటే చేతిలో ఉంటే కొండతో సరిపెట్టుకోవాలి. పెద్దవాళ్లు వెంట ఉన్నా కొండ మానుకోనక్కర్లేదు. వేదికలు ఎక్కకుండా మైదానంలో నడిచినా చాలావరకు చూడవచ్చు. ఎండ పడనివాళ్లకు మాత్రం మ్యూజియమే మేలు. ఆ మఠం వరండాల్లో ఎంతసేపైనా తిరగవచ్చు.

సాంతో దొమింగో చర్చి లోపలికి వెళ్లగానే ముందుకు నడిచిపోకుండా తలెత్తి చూడండి. సెయింట్ డొమినిక్ వంశవృక్షం కప్పు మీద కొమ్మలు, తీగలతో అల్లుకుని ఉంటుంది. ఈ మఠాన్ని పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1990ల దాకా సైన్యం బారకాసులుగా వాడుకుంది. సైన్యం ఖాళీ చేశాక అక్కడ హోటల్, కార్ పార్కింగ్ కట్టాలని ప్రతిపాదన వచ్చింది. చిత్రకారుడు ఫ్రాన్సిస్కో తొలేదో, ఆయన మిత్రులు అడ్డం తిరిగారు. పార్కింగ్ కావాల్సిన స్థలంలో ఇప్పుడు నాగజెముళ్లు, కిత్తనార మొక్కలు, ఆ రాష్ట్రపు చెట్లతో వృక్ష ఉద్యానం ఉంది. 2002లో నగరం నడిబొడ్డున ఉన్న సోకలో చౌకులో మెక్‌డొనాల్డ్స్ పెట్టబోతే జనానికి తమాలెలు (ఆకుల్లో చుట్టి ఉడికించే మొక్కజొన్న ముద్దలు) పంచి ఆపించింది కూడా ఆ తొలేదోనే. ఉద్యానంలోకి సాధారణంగా గైడ్‌తోనే పంపుతారు, ఇంగ్లీషు టూర్లు వారంలో కొన్ని రోజులే. వేళ కలిస్తే వెళ్లండి, కలవకపోతే దాని కోసం మిగతాది చెడగొట్టుకోకండి.

తూర్పు దారిలో: సంత, మిత్లా, జలపాతం, చెట్టు

అసలు తర్జనభర్జన ఇక్కడే. ఫోటోల వల్ల అందరూ ఇయెర్వె ఎల్ అగ్వాకే ఓటేస్తారు. ఖనిజాలు కరిగిన ఊట నీరు కొండ అంచు మీంచి వేల ఏళ్లుగా కారీ కారీ, సున్నపురాయిగా పేరుకుని, దూరానికి జలపాతంలా కనిపిస్తుంది. పైన దిగి కూర్చోవడానికి మడుగులు, ఎదురుగా లోయ. అందమైన చోటే, సందేహం లేదు. కాకపోతే నగరం నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, చివరి దారి కొండ రోడ్డు. పదింటికల్లా టూర్ వ్యాన్లు వచ్చి చేరతాయి. పేరులో ‘మరిగే నీళ్లు’ ఉన్నా మడుగులు చల్లగానే ఉంటాయి. పై నుంచి రాతి జలపాతం పాదం దాకా దిగితే తిరిగి ఎక్కడం మోకాళ్లకు పరీక్ష. దారి విషయంలో చుట్టుపక్కల ఊళ్ల మధ్య తగాదాలు కూడా ఉన్నాయి. 2021లో వాటి వల్లే కొన్నాళ్లు మూసేశారు. వెళ్లే ముందు రోజు హోటల్లో అడిగి కనుక్కోవాలి. పొద్దున ఆరింటికి బయల్దేరగలిగితే వెళ్లండి. తొమ్మిదింటికి తీరిగ్గా టిఫిన్ తిని బయల్దేరే రకమైతే వదిలేయండి.

ఆ రోజు ఆదివారమైతే నా ఓటు అటు తిరిగి చూడకుండా త్లాకొలూలా సంతకే. టూరిస్టుల కోసం పెట్టిన సంత కాదది. చుట్టుపక్కల కొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కోళ్లు, నాగళ్లు, మిరపకాయలు, పూలు, ప్లాస్టిక్ బకెట్లు కొనుక్కుని వెళ్తుంటారు. తలకు రంగు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు జపోటెక్‌లో బేరాలాడుతుంటే స్పానిష్ వచ్చిన టూరిస్టు కూడా మనలాగే తెల్లమొహం వేస్తాడు. ఫోటో తీసే ముందు అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోండి. సంత మధ్యలోనే చర్చి ఉంది. దాని పక్క గుడిగదిలో హతసాక్షుల విగ్రహాలు తమ తలలు తామే చేత్తో పట్టుకుని ఉంటాయి. పిల్లలు ఉంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

సంత నుంచి మిత్లా కొద్ది దూరమే. మోంతే అల్బాన్ చూశాక మళ్లీ శిథిలాలా అనిపించవచ్చు గానీ రెండింటికీ పోలిక లేదు. అది కొండ, ఇది గోడలు. చిన్న చిన్న రాతి ముక్కలను సున్నం పెట్టకుండా ఒకదానికొకటి అమర్చి మెట్లు మెట్లుగా, మెలికలుగా నడిపిన అల్లిక పని గోడల నిండా ఉంటుంది. ఒక హాల్లో ఒక్కొక్కటీ ఒకే రాయితో చేసిన ఆరు స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. స్పెయిన్ వాళ్లు పాత కట్టడాల మీదే, వాటి రాళ్లతోనే చర్చి కట్టేశారు. రెండూ అతుక్కుని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వలస పాలన అంటే ఏమిటో చూడటానికి ఈ ఊళ్లో ఇంతకంటే మంచి చోటు లేదు. పైగా నేల చదును, ఎక్కేదీ దిగేదీ తక్కువ.

తూలె చెట్టు గురించి ఎక్కువ ఆలోచించకండి. ప్రపంచంలోకెల్లా లావైన మాను గల చెట్లలో ఒకటి. నగరం నుంచి దగ్గర, రోడ్డు పక్కనే చర్చి ఆవరణలో ఉంటుంది. దారిలో ఇరవై నిమిషాలు ఆగితే చాలు. విడిగా ట్రిప్ అక్కర్లేదు.

ఈ దారికి రెండు రకాలుగా వెళ్లవచ్చు. సీటుకింతని తీసుకునే కొలెక్తీవో టాక్సీలు చవక, ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతాయి. రోజంతా కారు మాట్లాడుకుంటే ఖర్చు ఎక్కువే గానీ నలుగురు పంచుకుంటే టూర్ వ్యాన్ ధరకు దగ్గరగానే వస్తుంది, ఎక్కడ ఎంతసేపు ఉండాలో మీ ఇష్టం. తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లు కారే తీసుకోండి.

ఏ చేతిపని ఊరు

ఒక్క ఊరే చూడగలిగితే తెయోతిత్లాన్ దెల్ వాయె. కారణం రంగు. నాగజెముడు మట్టల మీద బతికే కోచినీల్ పురుగును ఎండబెట్టి నూరితే గాఢమైన ఎరుపు వస్తుంది. వలస కాలంలో మెక్సికో నుంచి యూరప్‌కు వెళ్లిన సరుకుల్లో వెండి తర్వాత స్థానం దీనిదే. వహాకాలోని పెద్ద చర్చిల వెనక ఉన్న డబ్బులో చాలా భాగం ఈ పురుగు సంపాదించి పెట్టిందే. నేతగాళ్ల ఇంటికి వెళితే పొడిని అరచేతిలో వేసి, నిమ్మరసం పిండి నారింజ రంగులోకి, సున్నం తగిలించి ఊదా రంగులోకి మార్చి చూపిస్తారు. నీలిమందు కుండ కూడా ఉంటుంది. కలంకారీ రంగుల పని తెలిసినవాళ్లు ఇక్కడి నుంచి త్వరగా కదలరు. గొర్రె ఉన్ని, కాలితో తొక్కే మగ్గం స్పెయిన్ వాళ్లతో వచ్చాయి. నమూనాలు మాత్రం చాలావరకు మిత్లా గోడల మీదివే. అందుకే మిత్లా, తెయోతిత్లాన్ ఒకే రోజు చూస్తే బాగుంటుంది. రసాయన రంగుల తివాచీలూ అక్కడే అమ్ముతారు, అవి తప్పేమీ కాదు. ధర మాత్రం ఒకటి కాకూడదు, ఏ రంగో అడిగి కొనండి.

కొయొతెపెక్ నల్ల కుండలు చూడటానికి బాగుంటాయి. సగం ఆరిన మట్టిని స్ఫటిక రాయితో రుద్ది మెరుపు తెచ్చే పద్ధతిని రోసా రెయాల్ అనే ఆవిడ ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ప్రచారంలోకి తెచ్చింది. మెరిసే కుండ నీళ్లు ఆపదు, అలంకరణకే. పైగా సూట్‌కేసులో పగిలే అవకాశం ఎక్కువ. తిల్కహేతె చెక్క బొమ్మలు తేలిక, పిల్లలకు నచ్చుతాయి. ఈ రెండూ దక్షిణం దారిలో ఉన్నాయి కాబట్టి మీకు శుక్రవారం ఉంటేనే ఒకొత్లాన్ సంతతో కలిపి పెట్టుకోండి. శుక్రవారం లేకపోతే నగరంలోని దుకాణాల్లో చూసి సరిపెట్టుకోవచ్చు.

తిండి: మార్కెట్టా, రెస్టారెంటా, వంట క్లాసా

మాంసం తినేవాళ్లకు తేలిక. నేరుగా ‘నవంబర్ 20’ మార్కెట్‌లో పొగ సందుకు వెళ్లిపోండి. సందుకు రెండు వైపులా మాంసం దుకాణాలు. మీరు చూపించిన ముక్కను అక్కడే నిప్పుల మీద కాల్చి ఇస్తారు, రొట్టెలు, ఉల్లికాడలు, చట్నీలు విడిగా కొనుక్కోవాలి. రెస్టారెంట్లో ఇంతకంటే రుచి రాదు, ఖర్చు మాత్రం వస్తుంది.

శాకాహారులకు మార్కెట్ కష్టమే. మాంసం లేదని చెప్పినా పంది కొవ్వు ఉంటుంది. పళ్లెమంత పెద్దగా, కరకరలాడే త్లయూదా రొట్టె మీద మొదట పూసేది అసియెంతో, అంటే కొవ్వు కాచాక అడుగున మిగిలే మడ్డి. బీన్స్ కూడా చాలాచోట్ల కొవ్వుతోనే వేయిస్తారు, మిరపకాయలు, మసాలాలు నూరి చేసే చిక్కటి పులుసు మోలెలో కోడి రసం పోస్తారు. ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) ఒక్కటే చాలదు. సిన్ పోయో (కోడి లేకుండా), సిన్ అసియెంతో, సిన్ మంతేకా (పంది కొవ్వు లేకుండా), మూడూ చెప్పాలి. కాగితం మీద రాసుకుని చూపిస్తే ఇంకా నయం. గుమ్మడి పువ్వు పెట్టి మడిచిన కెసదియా రొట్టెలు, తెహాతె అనే పానీయం మీకు అండ. తెహాతెను మొక్కజొన్న, కోకో గింజలు, మామెయ్ పండు గింజ, ఒక రకం పూలు నూరి నీళ్లలో చేత్తో గిలక్కొట్టి నురుగు తేలుస్తారు. పాలు, గుడ్డు ఏమీ ఉండవు. మొదటి గుక్క వింతగా ఉంటుంది, రెండో గుక్కకు అలవాటవుతుంది. ఉప్పు, నిమ్మ, వెల్లుల్లి పట్టించి వేయించిన మిడతలను గ్వాకమోలె (అవకాడో పచ్చడి) మీద చల్లి తెచ్చే అలవాటుంది, ముందే చెప్పండి. మెస్కాల్‌తో ఇచ్చే నారింజ ముక్కల మీది ఎర్ర ఉప్పులో ఎండబెట్టిన పురుగు పొడి కలిసి ఉంటుందని కూడా తెలిసి ఉండటం మంచిది.

ఇన్ని టెన్షన్లు పడేకంటే శాకాహారులు వంట క్లాసులో చేరడం నయం. ఏమేం వేస్తున్నారో కళ్లముందే ఉంటుంది, బుక్ చేసేటప్పుడే చెబితే కొవ్వు లేకుండా నేర్పేవాళ్లు దొరుకుతారు. క్లాసు సాధారణంగా పొద్దున్నే మార్కెట్‌తో మొదలై మధ్యాహ్నం భోజనంతో అవుతుంది, అంటే సగం రోజు ఖర్చు. నల్ల మోలె ఎంచుకోండి. చిల్వాక్లె అనే మిరపకాయను, దాని గింజలను నల్లగా మాడ్చి, చాక్లెట్, నువ్వులు, మసాలాలు కలిపి నూరతారు. నూరేందుకు వాడే మెతాతె మన సన్నెకల్లులాగే ఉంటుంది, ఏటవాలుగా మూడు కాళ్ల మీద నిలబడుతుంది, అంతే. మిరపకాయ మన దేశానికి వచ్చిందే ఇటువైపు నుంచి కాబట్టి కారం దగ్గర మనవాళ్లు బెదరరు. నిజానికి మోలెలో కారం తక్కువ, చేదు, తీపి, పొగ వాసన ఎక్కువ.

సాయంత్రం సోలెదాద్ చర్చి ముందున్న చౌకులో నియెవెస్ అనే ఐస్‌క్రీం తినండి. మాడబెట్టిన పాలతో చేసినది, నాగజెముడు పండుతో చేసినది, రెండూ ఒకే కప్పులో పెట్టించుకోవాలి.

మెస్కాల్ విషయానికొస్తే, తాగాలనుకునేవాళ్లు నగరంలోని బార్‌లో రెండు మూడు రకాలు రుచి చూడటం చాలు. తయారీ చూడాలనుకునేవాళ్లు మిత్లా దారిలోనే ఉన్న మతత్లాన్‌లో ఒక బట్టీ దగ్గర ఆగాలి. కిత్తనార జాతి మొక్క దుంపలను గోతిలో వేడి రాళ్ల మీద రోజుల తరబడి కాల్చి, గుర్రం లాగే రాతి చక్రంతో నలిపి, చెక్క తొట్లలో పులియబెట్టి రెండుసార్లు బట్టీ పడతారు. బట్టీలో పోసేది చిన్న కప్పులే గానీ ఘాటు 45 శాతం పైమాటే. ఆ రోజు కారు మీరు నడపకండి.

ఎప్పుడు వెళ్లాలి

జులై రెండో సగంలో రెండు సోమవారాలు గెలగేత్సా పండుగ. రాష్ట్రంలోని అన్ని ప్రాంతాల వాళ్లు కొండ మీది రంగస్థలంలో నాట్యం చేస్తారు. అక్టోబర్ 31 నుంచి నవంబర్ 2 దాకా చనిపోయినవాళ్ల పండుగ, బంతిపూలు, కొవ్వొత్తులతో శ్మశానాలు నిండిపోతాయి. రెండింటిలో ఒకటే అంటే రెండోదే చెబుతాను. కానీ అది ఎవరి పెద్దల సమాధి దగ్గర వాళ్లు చేసుకునే ఇంటి పండుగ, ఈ మధ్య టూరిస్టులు మీద పడిపోతున్నారు. హోటళ్లు నెలల ముందే నిండుతాయి. అద్దెలు, నీళ్ల కొరత, టూరిజం మీద 2024లో నగరంలో నిరసన ప్రదర్శనలు కూడా జరిగాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నవంబర్ మధ్య నుంచి మార్చి దాకా ఏదో ఒక మామూలు వారం మేలు. వానలుండవు, కొండ మీద ఎండ కాస్త ఓర్చుకోగలం. డిసెంబర్ 23న అక్కడుంటే సోకలోలో ముల్లంగి దుంపలతో చెక్కిన బొమ్మల పోటీ చూడండి, 1897 నుంచి జరుగుతోంది.

అమెరికాలో ఉండే మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. భారత పాస్‌పోర్టుతో పాటు గడువున్న అమెరికా వీసా స్టాంపు గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ ఇది వర్తిస్తుంది. స్టాంపు గడువు అయిపోయి ఐ-797 ఆమోద పత్రం మీద ఉన్నవాళ్లకు వర్తించదు. నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనే ముందు మెక్సికన్ కాన్సులేట్ వెబ్‌సైట్ చూసుకోండి. ఇంకో మాట: ఇక్కడ టీచర్ల సంఘం, ఊళ్ల వాళ్లు రోడ్లు దిగ్బంధించడం మామూలే. తిరుగు ప్రయాణం రోజున పొద్దున మరో ఊరికి వెళ్లే ప్లాన్ పెట్టుకోకండి, ఎయిర్‌పోర్టుకు ముందుగానే బయల్దేరండి.

నాలుగో రోజు దొరికితే

సముద్రమా, కొండా? 2024 ఫిబ్రవరిలో కొత్త హైవే తెరిచాక పసిఫిక్ తీరంలోని పువెర్తో ఎస్కొందీదో మూడు గంటల ప్రయాణానికి వచ్చింది. అంతకుముందు కొండ దారిలో అంతకు రెట్టింపు పట్టేది. అయినా ఒక్క రోజుకు వెళ్లి రావడం దండగ, కనీసం రెండు రాత్రులు ఉండాలి. అక్కడి సికతేలా బీచ్ అలలు సర్ఫర్ల కోసం, ఈతకు ప్రమాదం. పిల్లలతో అయితే కరిసలీయో బీచ్ నయం.

ఒక్క రోజే ఉంటే ఉత్తరాన సియెర్రా నోర్తె అడవులకు వెళ్లండి. అక్కడ కొన్ని జపోటెక్ గ్రామాలు కలిసి పుయెబ్లోస్ మంకొమునాదోస్ పేరుతో నడక దారులు, చెక్క గదులు నడుపుతున్నాయి. గైడ్ ఆ ఊరివాళ్లే, డబ్బు ఆ ఊళ్లకే చేరుతుంది. చుట్టూ పైన్ చెట్లు, మబ్బులు కాళ్ల దగ్గర తిరుగుతుంటాయి. కొన్ని ఊళ్లు మూడు వేల మీటర్ల ఎత్తున ఉన్నాయి కాబట్టి మొదటి గంట మెల్లగా నడవాలి, మేలో వెళ్లినా స్వెటర్ ఉండాలి.